ఏడో మడి బీన్స్

ఆగస్టు 2, శనివారం

చేత్తో పీకినదాన్ని నోటితో బతికించగలవా? నిన్నే అడుగుతున్నాను, బోధకుడా.

ఈ రోజు బడి తోటలో పిల్లలతో పాటు ఇంటివాళ్ళూ పనికొచ్చే శనివారం. పిల్లకో మడి, మడికో కుటుంబం; అందరి మీదా పెత్తనం ఈ బడి బోధకుణ్ణి, నాది. అన్ని మడుల్లోనూ బీన్స్ కాయలు వేలాడుతున్నాయి. ఏడో మడిలో మాత్రం ఆకులే. అది ఆరో తరగతి అమ్మాయిది. కలుపు మోకాలెత్తు పెరిగింది. నాకు ఒళ్ళు మండింది. ఫలించని చెట్టు గురించి వాక్యం ఎత్తుకున్నాను. ఆ ఊపులో మడి మొత్తం పీకి గట్టు మీద పడేశాను, అందరి ముందూ.

అయ్యగారు మొక్కలక్కూడా మారుమనస్సు ఇప్పిస్తున్నారర్రా అన్నాడు వాచ్‌మన్. తల్లులు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు, ఏడవలేదు. ఒక్కో మొక్కా ఏరుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఆగస్టు 3

చర్చిలో ప్రసంగం బాగా పండిందన్నారు. ఇంటికొచ్చి కంచం పక్కకి జరిపేశాను.

ఆగస్టు 4, మధ్యాహ్నం

ఆ అమ్మాయి నాన్న వచ్చాడు. వెల్డర్, చొక్కా నిండా నిప్పురవ్వల చిల్లులు. కేకలేస్తాడనుకున్నాను. వేసినా బాగుండేది. మా ఆవిడ రెండు నెలల నుంచీ ఆసుపత్రిలో ఉందండీ, పిల్ల గింజలు పెట్టడమే ఆలస్యమైంది, రోజూ మొదళ్ళు కాస్త సవరించి సాయంత్రం అక్కడికే పోతుంది, ఇంక కలుపెవరు తీస్తారండీ అన్నాడు. డాక్టర్లు లాభం లేదన్నారట. ఆవిడకి ఒకటే ధ్యాసట, పాప మొక్కలు పూశాయా అని. పూశాయనే చెబుతోందట పిల్ల. మీరెప్పుడైనా అటొస్తే నిజం చెప్పకండి అయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాడు.

అబద్ధం మీద నేను చేసిన ప్రసంగాలకు లెక్కలేదు.

అతను వెళ్ళాక గ్రంథం తెరిచాను. ఆ చెట్టు కథ నేను సగమే చెప్పాను. నరికెయ్యమన్న యజమాని పక్కన తోటమాలి ఉన్నాడు. ఒక్క ఏడాది ఆగండి, పాదు తవ్వి ఎరువు వేస్తాను అని బతిమాలుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా చదువుతున్నాను. ఆ తోటమాలిని నేనే కదా!

ఆగస్టు 5

పిల్ల తోట తొట్టి నీళ్ళలో పెట్టి వెళ్ళిన ఆ మొక్కలే మళ్ళీ నాటాను. మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేశాయి.

ఆగస్టు 7, విజిటింగ్ టైమ్ అయ్యాక

పిల్ల తల్లే కబురు పెట్టింది. వార్డులో చివరి మంచం. పిల్ల మంచం పట్టె పట్టుకుని నా నోటి వంకే చూస్తోంది. పూశాయా అయ్యగారూ అని అడిగింది తల్లి.  మంచం దగ్గరికి జరిగి, నేనే పీకేశానమ్మా అన్నాను. వెల్డర్ మొహం తిప్పుకున్నాడు.

తెలుసండీ అంది ఆవిడ. ఐదు రోజుల నుంచీ దీని గోళ్ళలో మట్టి లేదు, ఆ మాత్రం కనిపెట్టలేనా అంది. పిల్ల వైపు తిరిగి, మీ అయ్యగారికి అరవడం తప్ప ఏం రాదే, నువ్వే నేర్పాలి అంది. దగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. తర్వాత నాతో మెల్లగా, దాన్ని మాత్రం తోటకి దూరం చెయ్యకండి అంది.

ఆగస్టు 10

ఆవిడ తెల్లారేసరికి పోయింది. సమాధి దగ్గర నాలుగు మాటలు చెప్పమన్నారు. గ్రంథం మూసి, అందరితో పాటు గుప్పెడు మట్టి వేసి వచ్చాను.

ఆగస్టు 19

పిల్ల బడికి రావడం లేదు. తోట పేరెత్తితే తలుపేసుకుంటోందండీ అన్నాడు వెల్డర్. రేపు వెళ్ళి క్షమాపణ అడుగుదామనుకుంటున్నాను. నిన్న కూడా రేపే అనుకున్నాను.

ఆగస్టు 20, ఉదయం ఆరు

వాన వెలిసింది. గింజ వెయ్యడానికి నేల తడిగా, మంచి పదును మీదుంది. బోధకుడా, గ్రంథం బల్ల మీదే వదిలెయ్. గుప్పెడు గింజలు పట్టుకెళ్ళి ఆ గుమ్మంలో కూర్చో. ఆ పిల్ల తలుపు తీసేదాకా ఒక్క వాక్యం ఎత్తకు. ఎండెక్కితే పదును ఆగదు. లే, ఇప్పుడే.