గోడ ఫ్యానుకి మార్చవలసిన రెండు వైర్లు

సిర్గిట్టి, బిలాస్‌పూర్.

తనిఖీ అధికారి శ్రీ శ్రీనివాసరావుగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గ్రైండింగ్ షెడ్డులో గాలిని బయటకు నెట్టవలసిన ఫ్యాను లోపలికి నెట్టుచుండుట – రెండు వైర్లు మార్పించుట గురించి.

పోత ఇనుప ముక్కల అంచులు అరగదీసే షెడ్డులో హెల్పరుగా పనిచేయుచున్న పైడిరాజు అను నేను విన్నవించుకొనునది. ఇదివరకు హిందీలో రెండు అర్జీలు ఇచ్చియుంటిని. తమ ఆఫీసు వారు రెండింటినీ "అభిప్రాయము కొరకు" మా మేనేజరుగారికే పంపినారు. ఆయన నన్ను క్యాబిన్‌లోకి పిలిచి నా అర్జీ నాకే చదివి వినిపించినారు. మేనేజరుగారికి తెలుగు రాదు. తమరికి వచ్చునని తమ ఆఫీసు తలుపు మీది పేరు చూసి తెలుసుకుని, మా నాన్న చేత ఒత్తులు దిద్దించుకుని ఇది రాస్తున్నాను.

గత నెల తనిఖీలో తమరు "ఫ్యాన్లు నాలుగు కలవు, తిరుగుచున్నవి, తృప్తికరము" అని రాసినారు. తిరుగుట వాస్తవమే. మిగతాది మనవి చేసుకుంటాను.

1. కప్పు మీది ఫ్యాను. దీనికి కరెంటు లేదు. లోపలి వేడి పైకి లేచినా, బయట గాలి వీచినా తనంతట తానే తిరుగుతుంది. వేడి పోవడానికి పనికొస్తుంది గాని ఇనుప దుమ్ముకి కాదు. లాగ్‌బుక్కులో మాత్రం "ఉదయం 8కి ఆన్, సాయంత్రం 5కి ఆఫ్" అని రోజూ ఉంటుంది. స్విచ్చే లేని ఫ్యానుని, సూపర్‌వైజరు చెప్పగా, ఏడాదిగా కాగితం మీద ఆన్ చేస్తున్నవాణ్ణి నేనే. కింద సంతకం తమది.

2. నిలబెట్టే పెద్ద ఫ్యాను. మేన్ కూలర్ అంటారు. కొలిమి దగ్గర నిలబడ్డ మనిషి ఒంటికి గాలి కొట్టడానికి. మా దగ్గర ఇది మేనేజరుగారి వరండాలో ఉంటుంది, తనిఖీ రోజున షెడ్డుకి వస్తుంది. తమరు వెళ్ళాక అదీ వెళ్ళింది. పోవడమే మంచిది. దుమ్ములో పెడితే ఒకరి ముఖం మీది దుమ్ము తీసి ఇంకొకరికి పంచుతుంది.

3. బ్లోయరు. నత్తగుల్ల ఆకారం డబ్బాలో చక్రం. గొట్టాల గుండా దుమ్ముని బెంచీ దగ్గరే పీల్చి సంచుల్లో పట్టాలి. సంచులు దులిపి ఏడు నెలలు. ప్రస్తుతము మోత మాత్రము పనిచేయుచున్నది.

4. గోడ ఫ్యాను. అసలు విషయం ఇదే. షెడ్డులో గాలిని గోడలోంచి బయటకు తోసేయాలి. విశ్వకర్మ పూజకి దీన్ని దింపి, కడిగి, రంగేసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి మళ్ళీ ఎక్కించినారు. ఎక్కించేటప్పుడు మూడు వైర్లలో రెండు తారుమారైనాయి. అప్పట్నించి మోటారు ఎదురు తిరుగుతోంది. గోడ బయట ఇన్నాళ్ళూ పేరుకున్న దుమ్ము కూడా లోపలికొస్తోంది.

ఫ్యాను మీద ఎటు తిరగాలో చూపించే బాణం ఉంటుంది. బాణం ఒక వైపు, రెక్కలు ఇంకో వైపు అని సూపర్‌వైజరు తిరుమలరావుగారికి చూపించాను. అచ్ఛా అన్నారు. మర్నాడు చూస్తే వైర్లు అలాగే ఉన్నాయి. బాణం చెరిపేసి, రెండో వైపుకి ఎర్రరంగుతో కొత్తది వేయించారు.

"రెండూ ఒకే వైపున్నాయి కదరా. ఇంకేటి నీ గోల?" అన్నారు.

5. ఆ ఫ్యానుకి ఎదురు బెంచీ మా పిన్ని చిన్నతల్లిది. దగ్గితే కఫం నల్లగా పడుతోంది. దయాల్‌బంద్ పేటలోని డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంకో మూడు నెలలు ఆ దుమ్ములో కూర్చుంటే పాడైన ఊపిరితిత్తులు బాగుపడవని చెప్పాడు. బెంచీ మార్చమంటే, "సీనియారిటీ ప్రకారము గాలి వచ్చు చోటు కేటాయించడమైనది" అని కంపెనీ వాళ్ళు రాసిచ్చారు. పని మానేయమని నేను పిన్నితో పోట్లాడాను.

"నాను మానేస్తే ఆ బెంచీ కాడ ఇంకో ఆడమనిషిని కూకోబెడతారు. ఆ మనిషికి నువ్వేటి సెప్తావు?" అంది.

ఆ మనిషికి ఏమి చెప్పవలెనో తమరే రాతపూర్వకముగా తెలియజేయగలరు.

నేను కొత్త ఫ్యాను అడగడం లేదు. పరిహారం అడగడం లేదు. రెండు వైర్లు, పది నిమిషాలు. పాత మోటార్లు విప్పి ఆ పని నేనే నేర్చుకున్నాను. సర్టిఫికెట్టు లేదు కనుక ముట్టుకుంటే ఉద్యోగం పోతుందన్నారు. తారుమారు చేసినవాడికి సర్టిఫికెట్టు ఉంది.

కావున తమరు స్వయముగా వచ్చి ఆ ఫ్యాను ముందర ఒక కాగితము పట్టుకుని చూడవలెను. కాగితము ఫ్యాను వైపు పోవలెను. అట్లు గాక తమ ముఖమునకు వచ్చి అతుక్కున్నచో నా మాట నిజమని గ్రహించి ఉత్తర్వులిప్పించగలరు. వేరే కాగితం దొరక్కపోతే తనిఖీ రిపోర్టు సరిపోతుంది.

ఓపిక ఉన్నంతవరకు తమ విధేయుడు,
పైడిరాజు

తా.క.: ఇది ఇవ్వడానికి పొద్దున తమ ఆఫీసుకి వచ్చాను. సారు పన్నెండు రోజులు టూరు అన్నారు. వెనక్కొచ్చి, భోజనాల వేళ మెయిన్ ఆపి, ఫ్యూజులు జేబులో వేసుకుని, వైర్లు మార్చేశాను. రెండింటికల్లా నన్ను తీసేశారు. జవాబు ఫ్యాక్టరీకి కాదు, మంగ్లాలో మా ఇంటికి పంపండి. గేటు దాటి గోడ వెనక్కి వెళ్ళి నిలబడితే దుమ్మంతా నా నెత్తిన పడింది. ఒళ్ళంతా నల్లబడేదాకా అక్కడే ఉన్నాను. వాళ్ళు మళ్ళీ మార్చేయగలరు. అందుకని రోజూ పొద్దున వచ్చి ఆ గోడ వెనక నిలబడతాను. దుమ్ము బయటకి రాని రోజున అర్జీ రాయను. పిన్నిని తీసుకొచ్చి తమ బల్లకి ఎదురుగా కూర్చోబెడతాను.