నాన్న చెవి పెట్టిన డబ్బాలు

చిరంజీవి అమ్మడికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరమూ క్షేమం అని రాయడం అలవాటు. మీ అమ్మ పోయాక అందరమూ అంటే నేనొక్కణ్ణే కాబట్టి, ఒంట్లో బాగానే ఉందని రాస్తున్నాను. మీరు ముగ్గురూ బాగున్నారని పక్కింటి టైలరమ్మ నిన్న చెప్పాకే నాకు ముద్ద దిగింది.

ఆవిడ చేత ఫోన్ చేయించి, నాన్న ఉత్తరం అందేదాకా నేనిచ్చిన పెట్టెలో డబ్బాలు ముట్టుకోవద్దని చెప్పించింది నేనే. పరాయివాళ్ల చేత చెప్పించడమేంటి, ఆయనకి నోరు లేదా అని గట్టిగానే అన్నావట. ఆవిడ మొత్తం చెప్పలేదు కానీ మొహం చూస్తే తెలిసిపోయింది. నీ కోపం న్యాయమే. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

ముందు నీ ఉత్తరానికి జవాబు. డేటు దాటిన డబ్బా తినొచ్చా అని కదా అడిగావు. మామూలుగా అయితే తినొచ్చు. ఆ డేటు చాలావరకు రుచి కోసం వేసేది. డబ్బా గట్టిగా మూసుకుని ఉండి, పొడిగా, చల్లగా ఉన్న చోట పెడితే ఆ తర్వాత కూడా చాలాకాలం ఉంటుంది. మహా అయితే బఠాణీ మెత్తబడుతుంది, రంగు తగ్గుతుంది. కానీ మూత ఉబ్బినా, కారినా, తుప్పు తినేసినా, అంచు మీద సొట్ట పడినా, తెరవగానే చిమ్మినా నాలిక మీద కూడా వేసుకోకుండా పారెయ్యాలి. వాసన చూసి బాగానే ఉందనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రాణం తీసేదానికి ఒక్కోసారి వాసనే ఉండదు.

అల్లుడు పారేద్దామంటే, "మా నాన్న చెవి పెట్టిన డబ్బాలకి డేటుతో పనేంటి" అని పోట్లాడావని, మాటలు కూడా మానేశామని రాశావు. అది చదివి మొదట మురిసిపోయాను. మరుక్షణం టైలరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

నీకు తెలియనిదేముంది, ఆ పెట్టెలోవి షాపు సరుకు కాదు. మా డబ్బాల కంపెనీలో సొట్టపడ్డవి, లేబుల్ చిరిగినవి పక్కన పెట్టి స్టాఫ్‌కి తక్కువకి ఇస్తారు. అందరూ చేతికందినవి తెచ్చుకుంటారు. నేను మాత్రం ఒక్కోదాని మూత మీద ఇనపపుల్లతో కొట్టి విని తెస్తాను. గట్టిగా మూసుకున్నది ఖంగున మోగుతుంది. గాలి దూరినది మొద్దుగా పలుకుతుంది. లైను మీద నా ఉద్యోగమే అది, అందుకే అక్కడ నన్ను చెవి మేస్త్రి అంటారు. పోయినసారి నువ్వు పాపనెత్తుకుని వచ్చినప్పుడు నీకిచ్చిన పెట్టె కూడా అలా చూసిందే. "ఈసారి ఒక్కటీ తీసెయ్యలేదేంటి నాన్నా" అన్నావు. సరుకు మంచిదన్నాను.

మొన్న మన వంటింటి అరలో, ఆ సరుకులోదే ఒక డబ్బా ఉబ్బింది. చూసింది టైలరమ్మ. "మేస్త్రిగారూ, ఇదేంటి దీనికి కడుపొచ్చింది" అంది. పుల్ల తెచ్చి కొట్టాను. పక్కనున్న మంచి డబ్బా మీద కొట్టాను. మళ్లీ దీని మీద కొట్టాను. రెండూ ఒకేలా వినిపించాయి. "మీకు తేడా తెలియట్లేదా" అని దగ్గరికొచ్చి అడిగింది. నాకు తెలియలేదమ్మా.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఏళ్ల తరబడి మిషన్ల మోత పడిన చెవులట. మందు లేదన్నారు. లావు గొంతులు వినబడతాయి, సన్నటి శబ్దాలు పోయాయి. అందుకే మా సూపర్‌వైజరు అరుపులు ఒక్కటీ తప్పిపోలేదు, అదీ నా ఖర్మ. ఫోన్‌లో నీ గొంతు ముక్కలుగా వస్తుంటే ఇన్నాళ్లూ లైను బాగోలేదనుకున్నాను.

కంపెనీలో చెప్పేశాను. నేను పాస్ చేసిన సరుకు ఆపి మళ్లీ చూస్తున్నారు. నా స్టూలు మీద ఇంకొకతను కూర్చుంటున్నాడు. నేను లేబుళ్లు అంటిస్తున్నాను. తోటివాళ్లు జాలిగా మాట్లాడుతుంటే ఏడుపు ఆగట్లేదు.

కాబట్టి తల్లీ, డేటు ఉన్నా దాటినా ఆ పెట్టె మొత్తం, ఒక్క మూత కూడా తెరవకుండా, కవర్లో కట్టి పారెయ్. అల్లుడిదే రైటు. ఈ మాట నా చేత్తో రాస్తానని అనుకోలేదు, అతనికి చూపించు. పాపకి అందులోని బఠాణీలే మెత్తగా చేసి పెట్టానని రాశావు. తిని చాలా రోజులైంది, పిల్ల చలాకీగా ఉందని టైలరమ్మ చెప్పేదాకా నేను మనిషిని కాదు. నన్ను నమ్మి పసిదాని నోట్లో పెట్టావు. నీ నమ్మకం తలుచుకుంటే భయమేస్తోంది. ఇకనుంచి నన్ను అడక్కు, డేటు చూడు, మూత చూడు.

ఇంకొకటి దాచాను. కిందటి నెల ఫోన్ పాప నోటి దగ్గర పెట్టి, తాతని పిలుస్తోంది, విన్నావా అన్నావు. నీ మాటలు సగమే అందినా అర్థమైంది. పాపది మాత్రం ఏమీ వినపడలేదు. పిల్ల సిగ్గుపడి పలకలేదేమో అనుకుని, వినపడలేదంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని, "ఆ, విన్నాను, ఎంత ముద్దుగా అందో" అన్నాను. డాక్టరు సన్నటి శబ్దాలు పోయాయనగానే నాకదే గుర్తొచ్చింది.

ఆ రోజు పాప నన్ను నిజంగా పిలిచిందా అమ్మా? పిలిచి ఉంటే, ఎలా పిలిచిందో రాయి.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం చూస్తుండే
నాన్న