అత్తయ్యగారి స్వెట్టరుకు ఎడమ చెయ్యి

మావయ్యగారూ,

డ్యూటీకి వెళ్తున్నాను. వంట అయింది, వేడి చేసుకుంటే చాలు. స్నానాలగదిలో తడి ఊలు వేలాడుతోంది. దానికి కట్టిన చెంబు మాత్రం విప్పకండి. అది నేను వడికిన ఊలు, కింద బరువు లేకపోతే ఆరేసరికి మెలికలు పడుతుంది. పోయినసారి మీరు ఆ చెంబుతోనే స్నానం చేసి, ఊలును గొళ్లేనికి తగిలించారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు.

ఇక అసలు సంగతి. అత్తయ్యగారి స్వెట్టరు అల్లడం నిన్న సాయంత్రం ఎడమ చంక దగ్గర ఆపాను. పొద్దున చూస్తే జానెడు పెరిగి ఉంది! మీ అబ్బాయికి సూది పట్టడమే రాదు, పిల్లికి అసలే రాదు. పైగా ఆ వరుసల బిగుతు చూస్తే, కరెంటు స్తంభాలెక్కి తీగలు లాగిన చేతులేనని ఇట్టే తెలిసిపోతోంది. "బజార్లో స్వెట్టర్లు దొరకవా, ఎందుకమ్మా ఈ తిప్పలు" అని రోజూ నన్ను ఆటపట్టించే పెద్దమనిషి దొరికిపోయారు.

విప్పేద్దామని కూర్చున్నాను గానీ మనసొప్పలేదు. ఎడమ చెయ్యి మీకే వదిలేస్తున్నాను. ఊలూ సూదులూ మీ కుర్చీలో పెట్టాను. దారం మరీ లాగకండి, అత్తయ్యగారి చెయ్యి దూరాలి. ఆదివారం ఆవిడ ఊరి నుంచి వచ్చేలోపు అయిపోవాలి.

మీ కోడలు

ఎవరల్లారని అడిగితే నేనేనని చెప్తాను లెండి. కానీ ఇన్నేళ్లుగా మీరు బిగించిన సీసా మూతలతో కుస్తీ పడుతున్న మనిషి, తొడుక్కోగానే పోల్చేస్తారు.