కాకులకు నచ్చని సైలెన్సరు

ఏలూరు

చిరంజీవి అనిరుధ్‌కు,

ఇక్కడ నేనూ మీ అత్తయ్యా బాగానే ఉన్నాం. బండికే బాగాలేదు. సైలెన్సరు పైపు ఇంజనులో కలిసే చోట పొగ బయటికి తన్నుతోంది. ఫోన్‌లో చెబుదామంటే ఆ మోతకు నా కుడి చెవి ఇంకా గుయ్యిమంటోంది. నువ్వు పాలిటెక్నిక్‌లో బండ్ల పాఠం చెప్పేవాడివి కదా, ఇంట్లోనే అతికించుకునే ఉపాయం చేత్తో రాసి పంపు. కాగితం పక్కన పెట్టుకుని చేసుకుంటాను.

చప్పుడుకు నేను ఓర్చుకోగలను నాయనా, కాకులు ఓర్చుకోవడం లేదు. మొన్న కొల్లేటికోటలో శ్రీనివాసరావుగారి తండ్రి మాసికం పెట్టించడానికి వెళ్లాను. నా బండి ఊరి గట్టు ఎక్కగానే ఊళ్లో కాకులన్నీ లేచిపోయాయి. పిండం పెట్టి గంటసేపు కూర్చున్నాం. ఒక్కటీ రాలేదు.

తండ్రికి ఏదో కోరిక మిగిలిపోయిందని శ్రీనివాసరావు చేతులు జోడించాడు. "తమ్ముడితో మాట్లాడతాను నాన్నా" అన్నాడు. చెరువు గట్టు తగువుతో నాలుగేళ్లుగా మాటల్లేని తమ్ముడు గోపీనాథ్ వైపు తిరిగి "బాగున్నావా" అని కూడా అన్నాడు. కాకి రాలేదు. "చెరువు గట్టు వాడికే వదిలేస్తాను" అన్నాడు. అయినా రాలేదు. దాంతో కోపం నా మీదికి తిరిగింది. సంవత్సరీకం నాటికీ ఇలాగే ఉంటే, భీమడోలు నుంచి బ్యాటరీ స్కూటరు మీద వచ్చే కుర్ర పురోహితుణ్ణి పెట్టుకుంటాడట. కొల్లేటికోట చేజారితే ఆ చుట్టుపక్కల లంకలన్నీ పోయినట్టే. ముప్ఫయ్యేళ్లుగా తిరుగుతున్న ఊళ్లురా అవి. భయంగా ఉంది.

ఆశీస్సులతో,
మామయ్య ఉమామహేశ్వరరావు

తా.క. మెకానిక్ దగ్గరికి వెళ్లమని రాయకు. ఇక్కడి మెకానిక్ ఆ కుర్ర పురోహితుడికి బావమరిది.

---

తాడేపల్లిగూడెం

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారాలు. కాకుల సంగతి నాకు తెలియదు గానీ జాయింటు సంగతి తెలుసు. బండి పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి. రెండు నట్లూ విప్పి పైపు కిందికి దించండి. లోపల నలిగిపోయిన రింగు ఉంటుంది, తీసేయండి. తుప్పునీ మసినీ గరుకు కాగితంతో రుద్ది, కొత్త రింగు పెట్టండి. చుట్టూ వేడికి గట్టిపడే పేస్టు పలచగా పూసి, నట్లు అటు కాస్త ఇటు కాస్త సమానంగా బిగించండి. ఒక రోజంతా ఆరనిచ్చి, ఆరుబయట పది నిమిషాలు నెమ్మదిగా నడవనివ్వండి. అంతే.

ఇట్లు,
మేనల్లుడు అనిరుధ్

తా.క. పాత రింగు మళ్లీ వాడకండి. మీరు వాడతారని తెలిసే విడిగా రాస్తున్నాను.

---

ఏలూరు

చిరంజీవి అనిరుధ్‌కు,

నీ ఉత్తరం ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా చేశాను, పేస్టు ఒక్కటి తప్ప. కొట్లో చూశాను దాన్ని. దేనితో చేశారో కొట్టువాడికే తెలియదు. పిండాల గిన్నె కట్టుకెళ్లే బండికి అలాంటిది పూయడానికి మనసొప్పలేదు. వేడికి గట్టిపడాలి, అంతే కదా దాని లక్షణం? గారె కూడా అంతే కదా. మీ అత్తయ్య రుబ్బిన మినప్పిండి గట్టిగా మెత్తాను. ఒక రోజు ఆరాలన్నావు కాబట్టి వడియాల పక్కనే బండిని ఎండకు నిలబెట్టి, కాకులు వాలకుండా నల్లగుడ్డ కప్పాను. మోత సగానికి సగం తగ్గింది.

తీరా ఈ నెల మాసికానికి బయల్దేరితే, కైకలూరు దాటాక వెనక కాకులు. కొల్లేటికోట చేరేసరికి లెక్కపెట్టలేనన్ని. పిండం ఒకపక్క ఉంటే అవన్నీ నా సైలెన్సరు మీద వాలి వేగిన పిండి పొడుచుకు తింటున్నాయి.

శ్రీనివాసరావు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఇప్పుడు తెలిసిందండీ పంతులుగారూ. మీ బండి చప్పుడు వినగానే మా నాన్న వీధిలోకి వచ్చేసేవారండి. దాని మీద ఆశ అని మాకు తట్టలేదు" అన్నాడు. నిజానికి ఆ పెద్దాయన వీధిలోకి వచ్చేది నన్ను తిట్టడానికి.

నాన్న కోరిక బండే అని తేలిపోయింది కాబట్టి తమ్ముడితో మళ్లీ మాటలు మానేశాడు. సంవత్సరీకం రోజున ఆ బండిని వాళ్ల నాన్న పేరున నేను దానమివ్వాలట. ఇన్నేళ్ల పౌరోహిత్యంలో దానం పుచ్చుకోవడమే గానీ ఇచ్చింది లేదు. దానికి మంత్రం కూడా నాకు రాదు. ఏం చెయ్యమంటావు?

ఆశీస్సులతో,
మామయ్య

తా.క. మీ అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. ఆ పిండి పండగపూట గారెలకట.

---

తాడేపల్లిగూడెం

మామయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం మా స్టాఫ్ రూములో పైకి చదివాను. చదవకుండా ఉండాల్సింది. నా పరువు పోయింది.

ఆ పిండంతా గీకేయండి. అసలు పేస్టు ట్యూబు, ఇంకో కొత్త రింగు ఏలూరు బస్సులో పంపుతున్నాను. కావాలంటే ట్యూబు మీద పసుపునీళ్లు చల్లి వాడండి. పిండాల గిన్నె హ్యాండిలుకు తగిలించుకోండి. పేస్టు బదులు మాత్రం ఇంకేమీ వద్దు. బియ్యప్పిండీ వద్దు.

ఇట్లు,
అనిరుధ్

తా.క. మామయ్యగారూ, నేను మృదులనండి. ఆ పిండిలో అల్లం వేశారా? ఈయన కోపంగా ఉన్నారు గానీ అడగమన్నది ఈయనే.

---

ఏలూరు

చిరంజీవి అనిరుధ్‌కు,

నీ ట్యూబు గొప్పదిరా. పసుపునీళ్లు చల్లి, మంచి ఘడియ చూసి పూశాను. బండి వస్తోందో లేదో నాకే తెలియనంత నిశ్శబ్దంగా నడుస్తోంది. నిన్న సంవత్సరీకానికి వెళితే ఒక్క కాకీ బెదరలేదు. పిండం అలా పెట్టామో లేదో ముసలి కాకి ఒకటి వచ్చి తినేసింది. శ్రీనివాసరావు నోరు తెరిచే వ్యవధి కూడా ఇవ్వలేదు. తండ్రికి ఏ లోటూ లేదని అతనికి తృప్తి, బండి ఊసే ఎత్తలేదు. లంకలన్నీ నాకే ఉంటాయని మాటిచ్చాడు. గోపీనాథ్ మాత్రం భోజనం చేసి, అన్న వంక చూడకుండా రెండో గట్టు మీదుగా వెళ్లిపోయాడు.

నేను బండెక్కబోతుంటే వాళ్లమ్మ వెంకటనరసమ్మగారు వచ్చి హ్యాండిలు పట్టుకుంది. "పంతులుగారూ, వచ్చే ఏడు ఆ పాత చప్పుడుతోనే రండి. కాకి రానప్పుడే కదండీ మా పెద్దాడు చిన్నాణ్ణి బాగున్నావా అన్నాడు" అంది.

చీరకొంగుతో నీ పేస్టు అంటించిన చోటు తుడుస్తూ నిలబడింది పిచ్చితల్లి. అలాగేనమ్మా అని మాటిచ్చేశాను.

కాబట్టి నాయనా, అతికించిన జాయింటు ఊడదీయడం ఎలాగో చేత్తో రాసి పంపు.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క. మొత్తం ఊడదీసే ఉపాయం వద్దు. శ్రీనివాసరావు మాట చెరువు గట్టు దగ్గరికి వచ్చేదాకా కాకి రాకపోతే చాలు.