మెట్లకి అడ్డం పెట్టిన బండి

బుడ్డీ, డ్యూటీకి వెళ్తున్నాను. వార్డులో ఇవాళ మనుషులు తక్కువట, రావడం ఆలస్యమవుతుంది. అన్నం వండాను, కూర వేడి చేసుకో. ఫోన్ చూస్తూ మాడబెట్టకు.

కింద వాటా ఆయన బండి మెట్లకి అడ్డం పెట్టాడని నిన్న నానా మాటలూ అని, టైర్లో గాలి కూడా తీసేశావు. ఆడపిల్లకి నోరు అదుపులో ఉండాలని, పెద్దవాళ్ళతో మెత్తగా మాట్లాడాలని సాయంత్రమంతా నీకు చెప్పాను కదా. నువ్వు ఎలాగూ వెళ్ళవని పొద్దున నేనే కిందికి వెళ్ళి, "పిల్ల తెలియక చేసింది, ఏమీ అనుకోకండి" అన్నాను. సరేనని ఊరుకుంటే పోయేది. "పెంపకం సరిగ్గా ఉంటే ఇలా తయారవుతుందా?" అన్నాడు.

ఇంక నాకు ఒళ్ళు తెలియలేదు. ఏమన్నానో రాయను, నువ్వు నేర్చుకుంటావు. మేడ మీద బట్టలు ఆరేసేవాళ్ళు కూడా పిట్టగోడ దగ్గరికొచ్చి విన్నారు. చివరికి ఆయనే బండి తోసుకెళ్ళి గేటు పక్కన పెట్టుకున్నాడు.

కాబట్టి నువ్వు క్షమాపణ చెప్పక్కర్లేదు. ఆయన ఎదురైతే మాత్రం నవ్వకుండా తల దించుకుని వెళ్ళు. ఈ ఇంట్లో ఒక్కరికైనా మర్యాద తెలుసనుకోవాలి.

అమ్మ

చెప్పడం మర్చిపోయాను. నేను మెట్లెక్కుతుంటే ఆయన భార్య వెనకే వచ్చి, "వదినా, మీ అమ్మాయి నోరు నాకో వారం అప్పివ్వరూ" అంది. అంతసేపు అరిచింది నేనైతే, నా నోరు అడగలేదు చూడు!