కళ్లు చేసే చప్పుడు

చిట్టీ,

నీ మోకాళ్ల పురాణం అందింది. నా దగ్గర అంతకంటే వింత కబురుంది, చెల్లెలివి కాబట్టి చెబుతున్నా, నవ్వకు. నా కళ్లు చప్పుడు చేస్తున్నాయి. బోర్డు మీంచి పిల్లల వైపు చూపు తిప్పితే చాలు, కుడిచెవిలో గరుకు కాగితం రుద్దినట్టు గరగర. నడిస్తే నా అడుగులు నాకే డప్పు. ఎదుటివాళ్ల మాట మాత్రం దూదిలోంచి వచ్చినట్టుంటుంది. నోరు తెరిస్తే నా గొంతు తలలో నగారా, అందుకని గుసగుసగా మాట్లాడుతున్నాను. నేను గొంతు తగ్గించానంటే ఏదో ముంచుకొచ్చిందని ఇంట్లో ఖాయం చేసుకున్నారు.

నిన్న భోజనాల దగ్గర నోరుజారి చెప్పేశాను. కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. "కళ్లా అత్తయ్యా? వినిపిస్తున్నాయా?" అంది. మావాడు గొంతుకి బెల్లం పూసుకుని, "వయసు కదమ్మా, ఒక్కసారి మానసిక వైద్యుడికి చూపిద్దాం" అన్నాడు.

"నువ్వు ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టినప్పుడు నిన్ను చూపించానట్రా?" అన్నాను.

అన్నాను గానీ చిట్టీ, భయంగా ఉంది. వాడన్నదే నిజమైతే? ఇన్నేళ్లు రేఖాగణితం చెప్పిన బుర్ర ఇది. నెలాఖరుకి ముందుగదిలో పాఠాలు ఆపేస్తున్నాను. మతి కదిలిన మనిషికి పిల్లల్నెలా అప్పగిస్తారు?

నీ అక్క

చిట్టీ,

ముందు రాసిన ఆ కన్నీళ్ల ఉత్తరం చించెయ్. తేడా బుర్రలో కాదు, ఎముకలో.

కోడలు పట్టుబట్టి ముందు చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ ట్యూనింగ్ ఫోర్క్ అనే రెండు కొమ్ముల ఉక్కు కడ్డీని మోగించి నా చీలమండ మీద పెట్టింది. "ఏమైనా తెలుస్తోందా?"

"కుడిచెవిలో మోగుతోంది."

కోడలి మొహం పాలిపోయింది. పెట్టింది కాలి మీద, మోగింది చెవిలోనట! డాక్టరమ్మ మాత్రం లాటరీ తగిలినట్టు లేచి నిలబడింది.

సీటీ స్కాన్ తీశారు. అంతా బాగానే ఉందన్నాడు స్కానింగ్ ఆయన. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "ఈ అడ్డకోత బొమ్మల్లో తెలియదు. లోపలిచెవిలో పైనున్న అర్ధవృత్తపు గొట్టం ఏ వాలులో ఉందో ఆ వాలులోనే బొమ్మని కోసి చూపించండి" అంది.

నేనూరుకుంటానా? "తలం తప్పితే కోతలో ఏం కనబడుతుంది నాయనా, బడిపిల్లల పాఠం కదా అది" అన్నాను, గుసగుసగానే.

ఆయన అదే స్కాన్‌ని కంప్యూటర్లో ఏటవాలుగా తిప్పాడు. గొట్టం వంపంతా ఒక్క బొమ్మలోకి వచ్చింది. పైకప్పులో ఓచోట ఎముక లేదు, ఆవగింజంత కంత! బయటి శబ్దం అందులోంచి కారిపోతోందట, ఒంట్లోని చప్పుళ్లేమో పెద్దవై వినబడుతున్నాయట. కళ్లు కదిలినా సరే.

మావాడు బొమ్మ చూసి తల గోక్కున్నాడు. "తప్పయిపోయిందమ్మా."

"నాకు కంత చెవిలోనే ఉందిరా. నీకో?"

పాఠాలు ఆపడం లేదు. కంతని ఆపరేషన్‌తో పూడ్చొచ్చట. కొంచెం ప్రమాదం లేకపోలేదు, ఇష్టం లేకపోతే ఇలాగే ఉండొచ్చు అంది డాక్టరమ్మ. చేయించుకుంటానన్నాను. ఇన్నాళ్లు నా గోల నేను విన్నది చాలు, ఇక పిల్లల గోల వింటాను.

కోడలు ఆవిడ ఎదుటే అడిగింది: "అప్పుడు మేం మెల్లగా అనుకునేవి కూడా వినపడతాయా అత్తయ్యా?"

"అందుకేగా చేయించుకుంటున్నది."

కోడలు చటుక్కున డాక్టరమ్మ వైపు తిరిగింది. "తొందరేం లేదులెండి."

మతి ఉన్నట్టు బొమ్మతో సహా రుజువైన
నీ అక్క