పదో కాగితం

12 జూన్ 1978, కాజీపేట

ఉప్పలయ్య పోయి నేటికి నలభై రెండు రోజులు. కామెర్లు. దవాఖానకు పోదామంటె రేపు, రేపు అన్నడు. నన్ను నట్టేట్ల ముంచి పోయిండు.

ఆయన రైల్వే నౌకరి నాకిస్తరట. ఆఫీసుల క్లర్కు కావాల్నంటె టెన్త్ పాస్ కావాలె. నాకు ఇంగ్లీషు ఒక్కటే పోయింది, ఆరేండ్ల కింద. సెప్టెంబర్ల సప్లిమెంటరీ. అందాక టైం అడిగిన, సరేనన్నరు. అత్త భద్రమ్మ మొఖం మాడ్చుకున్నది. మరిది రాయమల్లు ఖాళీగ తిరుగుతాండు గదా, నౌకరి వానికే రావాల్నట. నాకు పిల్లల్లేరు, రేపు ఇంకొకన్ని చేసుకొని పోతనట.

3 జులై

రిటైరైన సారంగపాణి సారు పక్క లైన్లనే ఉంటరు. ఆయన దగ్గర ట్యూషన్. ఇయ్యాల మై, మైన్. మై ఒక్కటే నిలబడదట, ఎన్క ఏదన్న ఉండాలె. మై పెన్, మై హౌస్. మైన్‌కు ఎవ్వరి ఆసరా అక్కర్లేదట. ఆడోళ్లకు హర్ పోయి హర్స్ అయితది. హిజ్ మాత్రం రెండు చోట్ల హిజే. మొగోళ్లకు గ్రామర్ల గూడ ఫికర్ లేదు సార్ అన్న. సారు నవ్విండ్రు. నేనూ నవ్విన. నవ్వినంక భయమైంది, ఎవరన్న చూసిండ్రేమోనని.

4 జులై

దిస్ హౌస్ ఈజ్ మైన్. వందసార్లు రాసిన.

20 ఆగస్టు, ఆదివారం

లెటర్ రైటింగ్. చివర్ల యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ అని రాయాల్నట. యువర్స్ అంటె మీది గదా, నేను ఆ ఆఫీసరు సొత్తునా అని అడిగిన. అదొక మర్యాద అన్నరు సారు. అట్ల రాయకుంటె దరఖాస్తు ముట్టరట.

నాకు ఆ స్పెల్లింగు చేతికి పడ్తలేదు. సంతకం గూడ వంకర. పది తెల్లకాగితాలు తెచ్చిన. అసలు దరఖాస్తు లెక్కనే ఉండాల్నని పైన అంత ఖాళీ ఇడిచిపెట్టి, ఒక్కోదాని కింద యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, వి. సుగుణ. పదోది ముత్యాలోలె వచ్చింది. రాయమల్లు చూసి, మస్తుగున్నది వదినె అన్నడు. ఆ ఒక్క మాటకే పొంగిపోయిన. నా వంతు చాపల కూర గూడ వానికే ఏసిన.

21 ఆగస్టు

సారుకు చూపిద్దామని తీస్తె తొమ్మిదే ఉన్నయి. మంచిగ వచ్చిందే పోయింది. అత్త పొయ్యిల పెట్టిందేమో. అడిగితె లొల్లి, ఎందుకులే.

25 సెప్టెంబర్

పరీక్ష రాసిన. ఫిల్ ఇన్ ది బ్లాంక్స్ అన్నీ వచ్చినయి. ఇంటికొస్తె అత్త చాయ్ పెట్టిచ్చింది. పెండ్లయి ఐదేండ్లు, ఇదే మొదలు.

14 నవంబర్

నన్ను, అత్తను, రాయమల్లును ఆఫీసుకు పిలిచిండ్రు. టేబుల్ మీద నా పదో కాగితం. కింద నా అక్షరాలే. పైన ఖాళీ లేదు, టైపు కొట్టి ఉన్నది. ఐ హావ్ నో అబ్జెక్షన్ అట. మై హజ్బెండ్స్ పోస్టు మై బ్రదర్ ఇన్ లాకు ఇయ్యుండ్రి అట. ప్రతి మాట అర్థమైంది. ఒక్క తప్పు లేదు. జూన్ల అయితె చదవరాకపోవు, ఇంత మంట లేకపోవు.

సంతకం ఎవరిదని అడిగిండ్రు. నాదే అన్న. అబద్ధం ఎట్ల చెప్పాలె? పైన రాసింది నేను కాదని మొత్తుకున్న. అత్త అక్కడ్నే కింద కూసొని సచ్చిన కొడుకు పేరు తీసి ఏడ్చింది, అప్పుడు ఒప్పుకొని ఇప్పుడు మాట మారుస్తాందని. రాయమల్లు నా దిక్కు చూడలే. వానికి అప్పటికే ఆర్డర్ అయింది.

థూ. నా చేతులు నేనే నరుక్కున్న.

2 డిసెంబర్, కొత్తవాడ

మేముండే రైల్వే క్వార్టర్ గూడ వాని పేరు మీదికి మారింది. పెట్టె పట్టుకొని మా అవ్వ దగ్గరికొచ్చిన. అవ్వ అన్నం పెట్టింది. ఎందుకు బతికున్ననో తెలుస్తలేదు.

19 డిసెంబర్

రిజల్టు. పాసైన. సారు పేపర్ పట్టుకొని కాజీపేట నుంచి సైకిల్ మీద వచ్చిండ్రు. నేను ఇంట్ల లేనని అవ్వతోని చెప్పించిన. చానాసేపు గడపల నిలబడి పోయిండ్రు.

8 జనవరి 1979

జంపఖానాలు నేసే కార్ఖానల పనికి కుదిరిన. బుక్కుల సంతకం పెట్టుమన్నరు. రాదని చెప్పి వేలిముద్ర ఏసిన.